బ్రూనో రాకపోతే నేనూ రాను

సెలవులకు హైదరాబాద్ వచ్చిన మా పిల్ల, కుక్క బ్రూనోను వదిలి వరండాలోంచి కదలనంది: "బ్రూనో లోపలికి రాకపోతే నేనూ రాను." అమ్మమ్మకేమో మడి, పూజగది. పిల్లకు కుక్కంటే సోఫాలో పక్కన పడుకునే మనిషి.

ఎవరిది ఒప్పో తేల్చేముందు, కుక్క ఏమంటోందో పిల్లలకు చూపించాలి. ముందుకాళ్లు మోచేతుల దాకా నేలకానించి, నడుము పైకెత్తి తోకాడిస్తే ఆటకు పిలుస్తున్నట్టే. ఆటలో గుర్రుమన్నా, మధ్యమధ్య అలా వంగుతుంటే కంగారక్కర్లేదు. స్నానం కాగానే తోక ముడిచి ఈ మూల నుంచి ఆ మూలకు గిరగిరా పరుగెడుతుంది. ఒంట్లో బిగపట్టిన హుషారంతా అలా తీరుతుంది. అప్పుడు పిల్లలు వెంటపడకుండా గోడవారగా నిలబడాలి. బండలు తడిగా ఉంటే మలుపులో జారి, అడ్డొచ్చినవాళ్లనూ పడేస్తుంది. ఇక సగం తిన్న రొట్టెను మందారం మొదట్లో పాతి, ముక్కుతో మట్టి నెట్టి కప్పడం మాత్రం తీరిగ్గా కూర్చుని చూడాల్సిందే.

తోకాడించిందని దగ్గరికెళ్లిపోకూడదు. తోక నిటారుగా బిగుసుకుని సన్నగా అదురుతున్నా, ఒళ్లు కొయ్యబారినా, కంటి తెల్ల అంచు కనబడినా చెయ్యి తీసేయాలి. తింటుంటే, నిద్రపోతుంటే అసలు ముట్టుకోవద్దు.

అమ్మమ్మ పెట్టే పెరుగన్నం కొంచెమైతే చాలా కుక్కలకు పడుతుంది, ఉల్లిపాయల సాంబారన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. పిల్లల బ్యాగుల్లోని చాక్లెట్, కిస్‌మిస్ దానికి విషమే.

వీధికుక్క చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి రేబీస్ టీకా వేశారని గుర్తు. కానీ ఆ టీకా మళ్లీ మళ్లీ వేయిస్తుండాలి. చెవి చూస్తే ఎప్పుడు వేశారో తెలియదు. కుక్క కరిచినా, పన్ను గీసుకున్నా సరే, ధారగా పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం రాయకూడదు. అదే రోజు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లాలి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

మేముండే చోట "కుక్కగలవాళ్లనడిగి ముట్టుకో" అని నేర్పి, ఇక్కడ "అసలు ముట్టుకోకు" అంటున్నాను. ఈ గల్లీ కుక్కకు ఎవరినడగాలి? వాచ్‌మన్ అన్నం పెడతాడు, చాయ్ బండాయన బిస్కెట్లేస్తాడు, ఇద్దరూ తమదే అంటారు. జాగ్రత్త నేర్పుతున్నానా, నా భయం అంటిస్తున్నానా? తేలడం లేదు. బ్రూనోను గడప దాటించమని మా అమ్మను, అంటే పిల్ల అమ్మమ్మను, మాత్రం అడగను. అది పిల్లకు అన్యాయంగా తోస్తోందని తెలుసు, అయినా అడగలేను.