పెరట్లో కూరగాయలా? ముందు జనుము చల్లండి

ఇల్లు కట్టాక మిగిలిన పెరడు అంటే తెలిసిందేగా, పైన ఎర్రమట్టి కనిపిస్తుంది గానీ గడ్డపార వేస్తే సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు, కంకర. మా హైదరాబాద్ శివార్లలో చాలా చోట్ల ఇదే కథ. అవన్నీ ఏరేయాలి, తప్పదు, సిమెంటులో సున్నం వల్ల మట్టి క్షారం వైపు వెళ్తుంది, అప్పుడు మొక్కకి ఇనుము అందక కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి.

ఏరేశాక వెంటనే టమాటా నారు పెట్టేయకండి బాబూ. తొలకరికి జనుమో జీలుగో, అంటే మట్టిలో కలిపేసి పచ్చిరొట్ట ఎరువు చేసుకోడానికి పెంచే పైర్ల విత్తనాలు, ఒత్తుగా చల్లేయండి, వీటి వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి ఇస్తుంది, పైగా జీలుగ కాస్త చౌడుని, అంటే ఉప్పు, క్షారం ఎక్కువున్న నేలని కూడా తట్టుకుంటుంది. పూత మొదలయ్యేటప్పుడు, అంటే సుమారు 45 రోజులకి, కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపేయాలి, ముదిరితే కాడలు పీచు పట్టి త్వరగా కుళ్లవు. కలిపాక రెండు మూడు వారాలు తడి ఆరకుండా చూస్కోండి.

పశువుల ఎరువు మాత్రం బాగా మాగిందే తెచ్చుకోండి, పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు... ఇక నర్సరీల్లో అమ్మే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద అంత డబ్బు పోయడం నాకైతే నచ్చదు, నేల మీద పెంచేవాళ్లకి దాంతో పనేంటి? ఎండుటాకులు కప్పండి చాలు.