ఈస్ట్ సాషేల కోసం నేను పడ్డ అవస్థ

పాపకు నిన్నటితో విరేచనాలు కట్టాయి. ఇప్పుడే నిద్రపోయింది, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

తనకు 14 నెలలు. చెవి ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడో రోజున నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్‌గారు చూసి, ఒంట్లో నీరు తగ్గలేదన్నారు. ఓఆర్‌ఎస్, జింక్, శాకరోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్ సాషేలు (పొడి పొట్లాలు) రాశారు. ఈ ఈస్ట్ ఒక ప్రోబయాటిక్, అంటే పేగులకు మేలు చేసే సూక్ష్మజీవి.

మందుల షాపులో కౌంటర్ దగ్గరున్నతను వేరే సాషేలు తీసి పెట్టాడు. చీటీలో ఉన్నది ఇది కాదండీ అన్నాను. "రెండూ ప్రోబయాటిక్కే మేడమ్, ఏదైనా ఒకటే." పెట్టె తిప్పి చూస్తే అన్నీ లాక్టోబాసిల్లస్ రకాలు, అంటే బ్యాక్టీరియా. డాక్టర్‌గారు ఈస్టే కావాలన్నారని చెబితే, "అంత తెలిస్తే మీరే వైద్యం చేసుకోండి, వెనకాల జనం ఆగారు" అని గొంతు పెంచాడు. వెనక ఎవరో నవ్వారు. తల కొట్టేసినట్టయింది. చంకలో పాప ఏడుస్తోంది, డైపర్ దాటి నా చెయ్యి తడిసిపోయింది. ఇక నోరు పెగల్లేదు. అవే కొనుక్కుని వచ్చేశాను.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టర్‌గారు విసుక్కోకుండా చెప్పారు: యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని, మంచిదైనా సరే. ఈస్ట్ బ్యాక్టీరియా కాదు కాబట్టి తట్టుకుంటుంది. అంటే నేను అడిగిందే సరైనది! రెండో షాపులో అడగ్గానే ఇచ్చారు.

250 మిల్లీగ్రాముల సాషే, రోజుకు రెండుసార్లు. వేడి పాలలో కలపొద్దు, ఈస్ట్ చచ్చిపోతుంది. చల్లారిన నీళ్లలో కలిపాను. లేత గోధుమరంగు పొడి చెంచా అంచుకి అంటుకుంటే, పాప దాన్ని కూడా నాకేసింది.

సాషేతోనే తగ్గిందని ఒట్టేసి చెప్పను. దీనివల్ల సుమారు ఒక రోజు ముందు తగ్గొచ్చని మాత్రమే డాక్టర్‌గారు అన్నారు. పాపను నిలబెట్టింది గుక్కగుక్కగా పట్టిన ఓఆర్‌ఎస్. అది మానేసి సాషేల వెంట పడకండి. రక్తం పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టిన పిల్లలకు ఈ ఈస్ట్ ఇవ్వకూడదు, రక్తంలోకి చేరే ప్రమాదముంది. వాళ్ల పక్కన సాషే చింపడం కూడా వద్దు.

మొదటి షాపతను తన పెట్టెను వెనక్కి తీసుకోలేదు. అలమారలో అలాగే ఉంది. ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కను.