జుట్టు మాత్ర, ఏడు గొట్టాల రక్తం, నా మీద పడ్డ నింద

నిన్న మధ్యాహ్నం హార్మోన్ల మీద స్టడీ చేసేవాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. "మిమ్మల్ని స్టడీలోకి తీసుకున్నాం, మొదటి విజిట్ తేదీ మెసేజ్ చేస్తాం" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. 47 రోజులుగా నా మీద ఉన్న ఒక మాట నిన్నటితో తుడిచిపెట్టుకుపోయింది. అంతా గుర్తున్నప్పుడే రాసేయాలని కూర్చున్నాను.

నాకు 31 ఏళ్లు. పీసీఓఎస్, అంటే హార్మోన్లు గతి తప్పి నెలసరి సరిగ్గా రాని సమస్య, ఉందని నాలుగేళ్ల క్రితం చెప్పారు. నెలసరి ఒకసారి 35 రోజులకు వస్తుంది, ఒకసారి 70 రోజులైనా రాదు. రెండేళ్ల క్రితం తొమ్మిదో వారంలో గర్భం పోయింది. తర్వాత చేసిన పరీక్షల్లో థైరాయిడ్ గ్రంథికి ఎదురుగా ఒళ్లే తయారుచేసుకునే యాంటీబాడీలు, అంటే యాంటీ టీపీఓ, ఉన్నాయని తేలింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పనిచేయించే హార్మోన్) మాత్రం 3.6, హద్దులోనే ఉంది. ఒక డాక్టరు వెంటనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, థైరాక్సిన్, మొదలుపెట్టమన్నారు. ఇంకో డాక్టరు అస్సలు అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

వెతుకుతూ పోతే 2019లో ఫలితాలు వచ్చిన 'టాబ్లెట్' అనే బ్రిటన్ ట్రయల్ గురించి తెలిసింది. అందులో చేరిన 952 మందిదీ దాదాపు నా పరిస్థితే. యాంటీబాడీలు ఉన్నాయి, థైరాయిడ్ మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది, గతంలో గర్భం పోయింది లేదా గర్భం రావడం లేదు. సగం మందికి రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ (అదే థైరాక్సిన్ మాత్ర) ఇచ్చారు, మిగతా సగానికి మందు లేని మాత్ర. మందు వేసుకున్నవాళ్లలో 37.4 శాతం మందికి బిడ్డలు పుట్టారు, వేసుకోనివాళ్లలో 37.9 శాతం మందికి. తేడా ఏమీ లేదు. ముక్కూ మొహం తెలియని అంతమంది ఆడవాళ్లు, మింగేది మందో కాదో తెలియకుండానే నెలల తరబడి మింగి, నా ప్రశ్నకు జవాబు తెచ్చిపెట్టారు. ఆ రుణం తీర్చుకోవాలనిపించింది. అందుకే మా గైనకాలజిస్టు ఒక స్టడీ గురించి చెప్పగానే మరో ఆలోచన లేకుండా సరే అన్నాను.

ఇందులో మందులు ఇవ్వరు. పీసీఓఎస్, థైరాయిడ్ యాంటీబాడీలు రెండూ ఉన్నవాళ్లలో ఏడాది పాటు హార్మోన్లు, నెలసరి ఎలా మారతాయో చూస్తారు, అంతే. అంగీకార పత్రం 18 పేజీలు. ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. స్కాన్ పది నిమిషాల్లో అయిపోయింది. నెలసరి మూడో రోజు పొద్దున ఏడు గొట్టాల రక్తం తీసుకున్నారు. సూది గుచ్చిన సిస్టర్ చెయ్యి చాలా తేలిక.

మందులు ఏమైనా వాడుతున్నారా అని మూడు చోట్ల అడిగారు. మూడు చోట్లా లేదన్నాను. అది నిజం అనుకునే చెప్పాను.

అయిదో రోజు రమ్మన్నారు. కోఆర్డినేటర్ కౌంటర్ దగ్గరే నిలబడి ఉంది. పక్క కుర్చీల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు, నా వెనక మా ఆయన. రిపోర్టు నా ముందు పెట్టి అంది: "మేడమ్, ఒళ్లు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటారు. మీరూ వేసుకుంటుంటే ఇప్పుడే చెప్పేయండి. దాచితే మా డేటా పాడవుతుంది."

నాకు మాట రాలేదు. టీఎస్‌హెచ్ 0.09 అని ఉంది, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే అది అలా పడిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 3.4, పై హద్దు 1.7 అని పక్కనే ముద్రించి ఉంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కూడా హద్దు దాటింది. "మగవాళ్ల జెల్ లాంటిదేమైనా ఇంట్లో వాడతారా?" అని కూడా అందరి ముందే అడిగింది. మా ఆయన తల దించుకున్నాడు. కుర్చీలో ఉన్న ఒకామె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా ఒంటి మీద ఆ చూపు ఇంకా ఉంది.

తర్వాత డాక్టరు గదిలోకి పంపారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. నాడి చూశారు, 72. చేతులు రెండూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే వేళ్లు సన్నగా వణుకుతాయి. ఆ వణుకు కంటికి ఆనకపోయినా కాగితం అంచు దగ్గర తెలిసిపోతుంది. కాగితం కదల్లేదు. గుండె దడ లేదు, చెమట లేదు, బరువు తగ్గలేదు. అయినా ఆయన రిపోర్టునే నమ్మారు. "గ్రేవ్స్ కావచ్చు" అని, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బని, దాన్ని తగ్గించే మెథిమజోల్ రాసిచ్చి, థైరాయిడ్ స్కాన్‌కి పంపారు. స్టడీకి పనికిరారు అన్నారు.

ఆ చీటీ ఇంకా నా ఫైల్లో ఉంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్నదాన్ని. గర్భం వచ్చిన తొలి వారాల్లో ఆ మందు కడుపులో బిడ్డకు లోపాలు తెచ్చే ప్రమాదం ఉంది. థైరాయిడ్ బాగున్న మనిషి దాన్ని వేసుకుంటే, లేని జబ్బును కొనితెచ్చుకున్నట్టే.

ఆ రాత్రి మా ఆయన కూడా మెల్లగా అడిగాడు, "నిజంగా ఏమీ వేసుకోలేదు కదా?" అని. ఆ ఒక్క మాటకు నాకు నిద్ర పట్టలేదు.

నాకు ఒక మంచి అలవాటు ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుపడను. 2021 నుంచి చేయించుకున్న ప్రతి రిపోర్టూ తేదీల వరసలో ఫైల్లో పెట్టుకుంటాను. చూసిన ప్రతి డాక్టరూ మెచ్చుకున్న ఫైల్ అది. మర్నాడు పొద్దున్నే దాన్ని పట్టుకుని ల్యాబ్ కిటికీ దగ్గరికి వెళ్లి, రిపోర్టు మీద సంతకం ఎవరిదో ఆయన్నే కలవాలన్నాను. కుదరదన్నారు. గంటన్నర అక్కడే నిలబడ్డాను.

చివరికి ఒక పెద్దాయన బయటికి వచ్చారు. నా పాత రిపోర్టు, ఈ కొత్తది పక్కపక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో పరీక్ష పక్కన చిన్న బాణం గీస్తూ పోయారు. టీఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు, అన్నిటికీ కిందికి. ఫ్రీ టీ4, ఆడ హార్మోన్ ఎస్ట్రడయోల్, టెస్టోస్టిరాన్, అన్నిటికీ పైకి. పెన్సిల్ పక్కన పెట్టి తలెత్తి అడిగారు.

"అమ్మా, జుట్టు ఊడుతోందా?"

"అవును సార్, గర్భం పోయిన దగ్గర్నుంచి."

"దానికేమైనా వేసుకుంటున్నారా?"

అప్పుడు గుర్తొచ్చింది. జుట్టుకీ గోళ్లకీ మంచిదని నాలుగు నెలలుగా రోజుకొకటి వేసుకుంటున్న బయోటిన్, 10 మిల్లీగ్రాములది. దాన్ని మందు అని నేనెప్పుడూ అనుకోలేదు. డబ్బా మీద కూడా విటమిన్ అనే ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలట. అంటే నేను 300 రెట్లకు మించి మింగుతున్నాను.

ఆయన కుర్చీ చూపించి విడమరిచి చెప్పారు. చాలా ల్యాబ్ కిట్లలో బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు జిగురులా పనిచేస్తాయి. టీఎస్‌హెచ్ లాంటి పెద్ద అణువును కిట్‌లోని రెండు యాంటీబాడీలు చెరోవైపు పట్టుకుంటే, ఆ జిగురు వాటిని అంటించి ఉంచుతుంది. మిషన్ దాని మెరుపును కొలుస్తుంది. మన రక్తంలోనే బయోటిన్ బోలెడంత ఉంటే జిగురు చోటంతా అదే ఆక్రమిస్తుంది, అసలు సరుకు కడుగుడులో కొట్టుకుపోతుంది. మెరుపు తగ్గుతుంది, టీఎస్‌హెచ్ లేదని మిషన్ చెబుతుంది. ఫ్రీ టీ4, టెస్టోస్టిరాన్ లాంటి చిన్న అణువుల పరీక్ష తిరగేసి ఉంటుంది. అక్కడ మెరుపు తగ్గిందంటే హార్మోన్ ఎక్కువగా ఉన్నట్టు లెక్క. అందుకే నా రిపోర్టులో ఒక జట్టంతా కిందికి, ఇంకో జట్టంతా పైకి పోయింది. ఒంట్లో అన్నీ మామూలుగానే ఉన్నాయి. అన్ని కంపెనీల కిట్లూ ఇలా ఉండవని, కొన్నింటిని ఈ మధ్య మార్చారని కూడా ఆయనే చెప్పారు.

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017 నవంబరులోనే బయోటిన్ గురించి హెచ్చరిక ఇచ్చింది. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతున్న ఒక రోగికి గుండె పరీక్ష ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిందని, ఆ మనిషి చనిపోయారని అందులో ఉంది. ఇంత తెలిసీ, హార్మోన్ల మీద స్టడీ చేసేవాళ్ల 18 పేజీల్లో విటమిన్ అన్న మాట ఒక్క చోట లేదు! జుట్టు ఊడటం పీసీఓఎస్‌లో ఉంటుంది, థైరాయిడ్‌లోనూ ఉంటుంది. ఈ స్టడీకి వచ్చే ఆడవాళ్లలో జుట్టు మాత్రలు వాడేవాళ్లే ఎక్కువ ఉంటారని ఒక్కరికైనా తట్టలేదా? నాలాంటి పదిమంది తప్పు అంకెలు లోపలికి వెళ్లిపోతే ఆ ఫలితాలు నమ్మి రేపు ఎవరికి ఏ మందు రాస్తారు? నాకు జరిగిన అవమానం కంటే దీనికే ఎక్కువ భయమేసింది.

మాత్ర ఆపమన్నారు. ఆపిన రెండు రోజుల తర్వాత రక్తం ఇస్తే చాలని సాధారణంగా చెబుతారు, నా మోతాదు చూసి వారం ఆగమన్నారు. వారం తర్వాత టీఎస్‌హెచ్ 3.4, ఫ్రీ టీ4 1.2. మెథిమజోల్ ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు, బతికిపోయాను. మిగతా హార్మోన్లకు మాత్రం మళ్లీ నెలసరి మూడో రోజే కావాలి. నా నెలసరి సంగతి చెప్పాను కదా. రోజూ పొద్దున లేవగానే అదే టెన్షన్. చివరికి మొదటి రక్తం ఇచ్చిన 46 రోజులకు రెండోసారి ఇచ్చాను. టెస్టోస్టిరాన్ హద్దులోనే ఉంది.

ఇలాంటి స్టడీల్లో చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే గట్టిగా చెబుతాను. ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా, పొడి, చుక్కలు, గమ్మీలు, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. మందా కాదా అన్నది వాళ్లనే తేల్చనివ్వండి. ప్రొలాక్టిన్‌కి రక్తం ఇచ్చే ముందు కాసేపు కూర్చుని స్థిమితపడండి, కంగారులో అది పెరుగుతుంది. పాత రిపోర్టులు పారేయకండి. కౌంటర్ దగ్గర నిలబెట్టి అందరి ముందు అడిగితే, "గదిలో మాట్లాడదాం" అని గట్టిగా అనండి. నేను అనలేకపోయాను, అది ఇప్పటికీ బాధిస్తోంది. మనుషుల మీద చేసే పరిశోధనకు 1964 నుంచి హెల్సింకీ ప్రకటన ఉంది. పాల్గొనేవాళ్ల గౌరవాన్ని, గోప్యతను కాపాడటం డాక్టర్ల విధి అని అందులో రాసి ఉంది. రక్తం ఉచితంగా ఇచ్చే మనిషిని దొంగలా నిలబెట్టడం ఆ ప్రకటనలో ఏ వాక్యానికి సరిపోతుంది?

డాక్టరు గారు రెండోసారి కలిసినప్పుడు "మా ఫారంలోనే లోపం ఉందమ్మా" అన్నారు. నా ఎదుటే ఫారం తీసి, మందుల ప్రశ్న కింద "విటమిన్లు, జుట్టు మాత్రలు: మోతాదు, చివరిగా వేసుకున్న తేదీ" అని పెన్నుతో రాశారు. సరిగ్గా అచ్చు వేయించడానికి ఎథిక్స్ కమిటీకి పంపుతామన్నారు. ల్యాబ్ పెద్దాయనకు నమస్కారం పెట్టి వచ్చాను.

కోఆర్డినేటర్ మాత్రం ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. నిన్న ఫోన్ చేసింది కూడా ఆవిడే. "ఫాస్టింగ్‌లో రండి మేడమ్" అని పెట్టేసింది.