స్వీడన్ సిల్ ఊరగాయ: ఉప్పు దింపడం దగ్గరే ఉంది అంతా (నా అనుభవం)

స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ (జూన్‌లో వచ్చే వేసవి పండుగ) అయినా, క్రిస్మస్ అయినా, ఈస్టర్ అయినా బల్ల మీద ఇన్‌లగ్డ్ సిల్ ఉండాల్సిందే. సిల్ అంటే హెర్రింగ్ చేప. ఉప్పులో ఊరిన ఈ చేపను వెనిగర్, పంచదార కలిపిన నీళ్ళలో మళ్ళీ ఊరబెడతారు. నూనె లేదు, కారం లేదు, చేపకు పొయ్యి సెగే తగలదు. పదార్థాలు ఇంత తక్కువ కాబట్టి ఎక్కడ తేడా వచ్చినా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. ఇన్నిసార్లు చేశాక నాకు తేలింది ఒకటే: ఊరగాయ బాగా రావడం, రాకపోవడం తీపిపులుపుల కొలత కన్నా ముందే, చేపలోంచి ఉప్పు దింపేటప్పుడే తేలిపోతుంది.

ఉప్పు చేప ఫిలెట్లు (ముల్లు తీసిన కండ పలకలు) 400 గ్రాములు తీసుకుంటాను. పైఉప్పు కడిగేసి, రెండు లీటర్ల చన్నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెడతాను. 8 నుంచి 12 గంటలు పడుతుంది, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మారుస్తాను. గడియారాన్ని నమ్మకండి, ఒక్కో సరుకులో ఉప్పు ఒక్కోలా ఉంటుంది. ఎనిమిదో గంట నుంచి రుచి చూడటం మొదలుపెట్టాలి. తోక వైపు పలచన కాబట్టి అక్కడ ఉప్పు ముందే దిగిపోతుంది, దాన్ని చూసి మోసపోతాం. వీపు దగ్గర మందంగా ఉన్నచోట గోరంత ముక్క కోసి నమలండి. ఉప్పు మీకు కావలసిన దానికన్నా కాస్త ఎక్కువే అనిపించాలి, ఎందుకంటే మిగిలింది ఊరేటప్పుడు ద్రవంలోకి దిగుతుంది. పూర్తిగా చప్పబడేదాకా నానితే కండ మెత్తబడి, ఊరాక పిండిలా విడిపోతుంది. తక్కువ నానితే ఎంత పంచదార వేసినా ఆ ఉప్పదనం పోదు. ముందే ఉప్పు దింపిన ఫిలెట్లు కూడా అక్కడి కొట్లలో దొరుకుతాయి, వాటిని నానబెట్టక్కర్లేదు.

ఊరబెట్టే ద్రవానికి స్వీడన్‌లో అందరికీ నోటికొచ్చిన లెక్క 1-2-3. ఒక డెసిలీటర్ వెనిగర్, రెండు డెసిలీటర్ల పంచదార (దాదాపు 180 గ్రాములు), మూడు డెసిలీటర్ల నీళ్ళు. డెసిలీటర్ అంటే 100 మిల్లీలీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ లెక్కలో వెనిగర్ అంటే ఎత్తికా, 12 శాతం ఆమ్లం ఉన్నది. మన దగ్గర దొరికే వెనిగర్ సాధారణంగా 4, 5 శాతమే. దాన్నే ఒక వంతు పోసి మూడు వంతుల నీళ్ళు కలిపితే పులుపు ఉండాల్సిన దాంట్లో సగం కూడా ఉండదు, చేప నిలవ ఉండదు. స్వీడన్ లెక్కలో వెనిగర్, నీళ్ళు కలిసి నాలుగు డెసిలీటర్లు, అందులో ఆమ్లం 3 శాతం. ఆ 3 శాతం రావాలంటే 4 శాతం వెనిగర్ మూడు డెసిలీటర్లకు నీళ్ళు ఒకటే చాలు. 5 శాతమైతే 240 మిల్లీలీటర్ల వెనిగర్, 160 నీళ్ళు. స్వీడన్‌లోనే 24 శాతం సీసా కూడా అమ్ముతారు, అది అర డెసిలీటర్‌కు నీళ్ళు మూడున్నర. సీసా మీద శాతం చూడకుండా మూత తీయకండి.

నీళ్ళు, పంచదార వేడిచేసి, పంచదార కరిగాక దించి వెనిగర్ కలుపుతాను. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నా పోయకూడదు, వేడి తగిలితే చేప కండ పాడవుతుంది.

ఈలోగా ఒక ఎర్ర ఉల్లిపాయ, ఒక క్యారెట్ పలచని చక్రాలుగా తరుగుతాను. ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే ఒక దినుసు) గింజలు పదిహేను, తెల్ల మిరియాలు ఐదారు, బే లీఫ్‌లు రెండు. ఆకు విషయంలో జాగ్రత్త, మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, అది దాల్చినచెక్క వాసన తెస్తుంది. గుర్రపుముల్లంగి (హార్స్‌రాడిష్, ఘాటైన వేరు) ముక్కలు కూడా వేస్తే గ్లాస్‌మెస్టర్‌సిల్ అంటారు, నాకు ఎక్కువ ఇష్టం అదే. ఫిలెట్లు తడి ఒత్తి తుడిచి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా ఏటవాలుగా కోస్తాను. గాజు సీసాలో ఉల్లి, చేప, క్యారెట్, దినుసులు వరసలుగా పేర్చి, అన్నీ మునిగేలా ద్రవం పోస్తాను. తేలిన ముక్క ముందు చెడుతుంది కాబట్టి పైన ఉల్లి చక్రాలు ఒత్తుగా పేర్చి అణుస్తాను.

ఒక్క రోజుకే తినొచ్చు గానీ, మూడో రోజుకు రుచి కుదురుతుంది. ఎర్ర ఉల్లి రంగు దిగి ద్రవం లేత గులాబీ అవుతుంది, ముక్కను వేలితో నొక్కితే గట్టిగా ఉండి తిరిగి లేస్తుంది. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే నానడం ఎక్కువైందన్నమాట.

తాజా హెర్రింగ్‌తో చేసేవాళ్ళు ఒకటి మరవకూడదు. ఈ చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు, దాన్ని ఈ పులుపు చంపుతుందని నమ్మడానికి లేదు. చేప మధ్యదాకా మైనస్ 20 డిగ్రీలకు చేరి 24 గంటలు ఉండాలన్నది ఐరోపా నియమం. ఇంటి ఫ్రీజర్ నెమ్మది కాబట్టి నేను వారం రోజులు ఉంచుతాను.

ఆవకాయలా దీన్ని అలమరలో పెట్టకండి. ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్‌లోనే, 5 డిగ్రీలకు లోపే ఉండాలి, రెండు వారాల్లో తినెయ్యాలి. ముక్క తీసిన ప్రతిసారీ శుభ్రమైన పొడి ఫోర్కు వాడాలి. ఉడికించిన కొత్త బంగాళదుంపలు, సోయకూర (డిల్), పుల్లటి మీగడ, సన్నగా తరిగిన చైవ్ (సన్నటి ఉల్లికాడల్లాంటివి) కాడలతో వడ్డిస్తారు. చేప అయిపోయాక ద్రవం బాగుంది కదా అని అందులో కొత్త చేప వేయొద్దు. మొదటి చేపలోని నీళ్ళు, ఉప్పు దిగి పులుపు అప్పటికే తగ్గిపోయి ఉంటుంది.