మానసిక ఆరోగ్య పోస్టును తీసేయగలరా?

రాష్ట్రం బిల్లు పెట్టి మానసిక ఆరోగ్య అధికారి పోస్టును ఎత్తేయగలదా? మన దేశంలో అంత తేలిక కాదు. 2017 కేంద్ర మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ, దాన్ని నడిపే అధికారిగా ఓ సీఈఓ ఉండి తీరాలి. విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేస్తే, అది నిలవడానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి.

నా భయమల్లా ఆ సీఈఓ పోస్టు ఖాళీగా వదిలేస్తారేమోనని. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, పర్యవేక్షణ, సేవల్లో లోపాల మీద ఫిర్యాదులు, అన్నీ ఆ సంస్థ పనే. పైన అడిగేవాళ్లు లేకపోతే కింద ఆసుపత్రుల నుంచి మందులు పంపమని పెట్టే ఇండెంటు కదలదు. పలాసలో లిథియం (బైపోలార్ జబ్బుకు వాడే మాత్ర) అయిపోయిన మనిషి విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి దాకా పోవాల్సొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. పోలేక మాత్ర ఠక్కున మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు.

లిథియం రక్తపరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర పరీక్షయ్యాకే. సలహాకు టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా.