పేరు మారింది, ఫైలు మారలేదు

"అమ్మాయ్, ఈ వెబ్‌సైట్‌కి కళ్లు లేవు. నేను పీడీఎఫే ఇస్తున్నా, మళ్లీ పీడీఎఫ్ ఇవ్వమంటోంది" అని నాన్న ఫోన్ చేశారు.

స్క్రీన్ షేర్ చేయించి చూశాను. ఫైలు పేరు సర్టిఫికెట్ డాట్ పీడీఎఫ్ అనే ఉంది. కానీ అది ఫోన్‌లో తీసిన ఫోటో. రీనేమ్ చేసి, చివర పీడీఎఫ్ అని తగిలించారంతే. పేరులో చివరి చుక్క తర్వాత ఉండే తోకని ఎక్స్‌టెన్షన్ అంటారు. తనకు తెలిసిన రకం ఫైలైతే విండోస్ మామూలుగా ఆ తోకని దాచేస్తుంది. ఎందుకు దాస్తుందో నాకెప్పుడూ నచ్చదు. వ్యూ మెనూలోకి వెళ్లి దాన్ని కనిపించేలా పెట్టించాను. అసలు పేరు బయటపడింది: సర్టిఫికెట్ డాట్ పీడీఎఫ్ డాట్ జేపీజీ.

"ఓస్, ఇంతేనా!" అంటూ, నేను ఆపేలోపే ఆ జేపీజీ కొట్టేశారు. ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చని విండోస్ హెచ్చరించింది. ఎస్ నొక్కేశారు. (హెచ్చరిక చదవకుండా ఎస్ నొక్కడం మా వంశంలోనే ఉంది.) ఐకాన్ కూడా మారడంతో నాన్నకి హుషారొచ్చింది. తీరా డబుల్ క్లిక్ చేస్తే, ఫైలు పాడైందని మెసేజ్.

నిజానికి ఏమీ పాడవలేదు. ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో విండోస్ ఆ తోకని చూసి తేల్చుకుంటుంది, అంతవరకే దాని పని. ఫైలు లోపల ఉండేవి బైట్లు. ఒక్కో బైటూ 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. జేపీజీ ఫోటో ఏదైనా 255, 216 అనే రెండు సంఖ్యలతోనే మొదలవుతుంది. పీడీఎఫ్ మొదట్లో శాతం గుర్తు, ఆ వెనకే పీ, డీ, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. పీడీఎఫ్ తెరిచే రీడర్ ప్రోగ్రామ్ వాటి కోసం వెతికి, దొరక్క చేతులెత్తేసింది.

తోకని మళ్లీ జేపీజీగా మార్పించాను. ఫోటో చక్కగా తెరుచుకుంది. అక్కడే ప్రింట్ నొక్కి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకోమన్నాను. ఈసారి నిజంగానే పీడీఎఫ్ తయారైంది. వెబ్‌సైట్ కిక్కురుమనకుండా తీసుకుంది.

"అయితే తోక మారిస్తే ఎప్పుడూ ఇంతేనన్నమాట" అన్నారు. ఒక తమాషా చూపించకుండా ఉండలేకపోయాను. డాక్ఎక్స్ తోక ఉన్న వర్డ్ ఫైలు ఒకటి కాపీ తీసి, ఆ కాపీకి జిప్ (చాలా ఫైళ్లని ఒకే ఫైలుగా కట్టిన మూట) అని తోక పెట్టమన్నాను. తెరుచుకుంది! ఎందుకంటే డాక్ఎక్స్ పుట్టుకతోనే జిప్. మొదటి రెండు అక్షరాలు పీ, కే. జిప్ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్, అందులో ఆ డాక్యుమెంట్‌లోని బొమ్మలన్నీ విడివిడిగా ఉన్నాయి. ఆ సాయంత్రమంతా నాన్న పాత డాక్యుమెంట్లలోంచి ఫోటోలు పీకుతూనే ఉన్నారు.

తోకలు కనిపించే సెట్టింగ్ మళ్లీ తీసేయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. వారం తర్వాత ఆయనకి ఎవరో తెలియనివాళ్ల నుంచి ఒక జిప్ వచ్చింది. అందులో బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ ఉంది. ఈఎక్స్ఈ అంటే నడిచే ప్రోగ్రామ్. తోక దాగి ఉంటే బిల్ డాట్ పీడీఎఫ్ అనే కనిపించేది.

నాన్న దాన్ని డిలీట్ చేశాకే నాకు ఫోన్ చేశారు.