మీటరు గోడకి ఇవతల పాప ఉయ్యాల

చెల్లి పురిటికి వచ్చింది. పాప పుట్టి పదకొండు రోజులైంది. తల్లీపిల్లా ముందుగదిలోనే పడుకుంటున్నారు, ఎందుకంటే రాజోలు దగ్గర మా ఊళ్ళో ఈ ఉక్కపోతకి గాలి కాస్త ఆడేది ఆ గదిలో మాత్రమే. ఆ గది గోడకి అవతల వసారాలో కరెంటు మీటర్లున్నాయి. ఒకటి ఇంటిది, పాతది. పక్కన ఉన్నది నాన్న కిరాణా కొట్టుది, దానికి ఈమధ్యే పాత మీటరు తీసేసి స్మార్ట్ మీటరు బిగించి వెళ్ళారు. బిగించిన మూడో వారంలో అమ్మ ఫోనుకి ఎవరో ఒక వీడియో పంపారు, ఈ మీటర్ల నుంచి రేడియేషన్ వస్తుంది, పసిపిల్లలున్న ఇంట్లో అసలు పనికిరాదు అని. ఆ రాత్రి ఒంటిగంటకి నాకు మెలకువొచ్చి చూస్తే అమ్మ వసారాలో నిలబడి ఉంది, చీకట్లో, మీటరు వైపే చూస్తూ.

"ఒరేయ్ నాన్నా, ఇది రాత్రంతా ఇలా కొట్టుకుంటూనే ఉందిరా. కొట్టుకున్నప్పుడల్లా పిల్ల మీదకి పోతున్నట్టే కదా."

ఆవిడ చూస్తున్నది మీటరు మీద మినుకు మినుకుమనే చిన్న ఎర్రలైటుని. ఏం కాదులే పడుకో అనేయడానికి నాకు మనసొప్పలేదు. ఉన్నది పదకొండు రోజుల పిల్ల, అడుగుతున్నది అమ్మమ్మ. ఆ అడగడంలో తప్పేమీ లేదు. పైగా నాకూ సరిగ్గా తెలియదు, ఏదో చదివినట్టు గుర్తు తప్ప. ఆ వారమంతా కూర్చుని చదివాను, ఇల్లంతా టేపు పట్టుకుని కొలిచాను, లైన్‌మాన్ గారిని పిలిపించి అడిగాను. మా ఇంట్లో ఏం మార్చామో, ఎందుకు మార్చామో రాస్తున్నాను, ఇంకో ఇంట్లో బాలింతకో పెద్దవాళ్ళకో పనికొస్తుందని.

ముందు ఆ ఎర్రలైటు సంగతి. పొద్దున్నే అమ్మని వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పక్కనున్న పాత మీటరు చూడమన్నాను, దాని మీదా అలాంటి ఎర్రలైటే కొట్టుకుంటోంది. అందులో సిమ్ లేదు, యాంటెన్నా లేదు, నెలకోసారి రీడింగ్ తీసే కుర్రాడు వచ్చి బిల్లు చేతిలో పెట్టే మీటరు అది. దాని మీద 3200 ఇంపల్సులు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు లెక్క. ఇంట్లో అన్నీ ఆపేశాను, లైటు కొట్టుకోవడం మానేసింది. 75 వాట్ల ఫ్యాను ఒక్కటి వేశాను. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది, పదిహేను సెకన్లకి ఒకసారి వెలిగింది. పెరట్లో మోటారు వేస్తే దాదాపు సెకనుకొకటి. "అంటే ఇది మనం ఎంత కాల్చామో చెప్పే లైటేనా?" అంది. అంతే. ఆ లైటుకీ లోపలి రేడియోకీ సంబంధం లేదు. మిక్సీ వేసినప్పుడు లైటు పరుగెత్తిందంటే బిల్లు పరుగెత్తుతోందని, పిల్ల మీదకి ఏదో పోతోందని కాదు.

మరి స్మార్ట్ మీటరులో రేడియో లేదా అంటే ఉంది, దాచాల్సిన పనిలేదు. మన దేశంలో ఇవి రెండు రకాలుగా మాట్లాడతాయి. కొన్నిట్లో సెల్‌ఫోన్‌లో ఉన్నట్టే సిమ్ ఉంటుంది. కొన్ని 865 మెగాహెర్ట్జ్ పైన లైసెన్సు అక్కర్లేని బ్యాండులో పక్కింటి మీటరుతో, అది దాని పక్కదానితో, అలా చేతులు మార్చుకుంటూ స్తంభం మీదున్న పెట్టెదాకా చేరుస్తాయి. మాది సిమ్ రకం అని లైన్‌మాన్ గారు చెప్పారు. అరగంటకో పావుగంటకో ఎంత కాలిందో లోపలే రాసిపెట్టుకుని, తర్వాత అదంతా కలిపి కొన్ని సెకన్లలో పంపేస్తుంది. మిగతా టైమంతా దాదాపు ఊరికే ఉంటుంది. కాలిఫోర్నియాలో 2011లో జనం గొడవ చేస్తే అక్కడి ఒక కరెంటు కంపెనీ లెక్క బయటపెట్టాల్సి వచ్చింది. అవి చేతులు మార్చుకునే రకం మీటర్లు, పక్కవాళ్ళ లెక్క కూడా మోస్తాయి కాబట్టి ఎక్కువసార్లు మాట్లాడతాయి. రోజుకి సగటున పదివేల దాకా చిన్న చిన్న కబుర్లు, కానీ అన్నీ కలిపినా 45 సెకన్లు. అన్నిటికంటే బిజీగా ఉండే మీటరుకి కూడా పావుగంట లోపే. వీడియోలో పదివేల సార్లు అన్న ముక్క చెప్పారు, 45 సెకన్ల ముక్క వదిలేశారు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే. ఒక బాలింతని, ఆవిడ తల్లిని నిద్రపోనివ్వకుండా చేసే మాటలో సగం దాచడమేమిటి.

ఇక ఈ తరంగాలు ఏం చేస్తాయి అంటే, ఎక్స్‌రే లాగా ఒంట్లో అణువుల్ని విడగొట్టే శక్తి వీటికి లేదు. గట్టిగా రుజువైన ప్రభావం వేడి పుట్టించడం, అదీ బాగా ఎక్కువ మోతాదులో. ఆ వేడి పుట్టే మోతాదు కంటే చాలా కింద అంతర్జాతీయంగా ఒక హద్దు గీశారు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి సెల్ టవర్లకి ఆ హద్దులో కూడా పదో వంతే ఒప్పుకుంటోంది, 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాల్ని 2బి అనే వర్గంలో పెట్టిన మాట నిజం. క్యాన్సర్ కారకం కావచ్చేమో అనే వర్గం అది, రుజువు అరకొరగా ఉన్నవాటిది. అలా పెట్టడానికి ముఖ్యంగా చూసింది కూడా మీటర్లని కాదు, ఏళ్ళ తరబడి చెవికి ఆనించుకుని సెల్‌ఫోన్ ఎక్కువగా మాట్లాడినవాళ్ళని.

ఇదంతా చెప్పాక అమ్మ ఒక మాట అంది. "అయితే కావచ్చు, కాకపోతే కాకపోవచ్చు. పిల్లని అవతలికి జరిపితే పోయేదేముందిరా?" నిజమే, పోయేదేమీ లేదు. నాకు నచ్చిన మాట అదే. డబ్బు ఖర్చు లేదు, మీటరు జోలికి వెళ్ళే పని లేదు, మంచం జరిపితే చాలు.

టేపు పెట్టి కొలిస్తే, గోడ మందంతో కలిపి పాప తల నుంచి మీటరుకి రెండడుగులు. గది పన్నెండడుగులు. దూరం రెండింతలైతే తరంగాల బలం నాలుగో వంతుకి పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకి. ఎదుటి గోడ దగ్గరికి జరిపితే దూరం ఆరింతలు, అంటే సుమారు 36వ వంతు. మధ్యలో పాతకాలపు సున్నం గోడ ఎలాగూ ఉంది. మంచం జరపడానికి నేనూ నాన్నా పది నిమిషాలు పట్టాం, బీరువా అడ్డొస్తే దాన్ని మీటరు గోడకి ఆనించాం. ఇనప బీరువా కాబట్టి ఇంకాస్త అడ్డం. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే, మీటరు గోడకి ఇవతల మనుషుల్ని కాదు, బీరువాని పెట్టుకోండి. మీటరు జోలికెళ్ళకండి, మంచం జరుపుకోండి.

మంచం జరిపి చెమట తుడుచుకుంటుంటే చూశాను, చెల్లి ఫోను పాప తలగడ పక్కనే ఉంది. చార్జింగ్‌లో. పాలిచ్చేటప్పుడు ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో ఫోను, బావగారితో వీడియో కాల్. మా ఇంటి చుట్టూ కొబ్బరితోటలే, టవరు కాలవ అవతలెక్కడో ఉంది, లోపలి గదుల్లో సిగ్నల్ ఒక గీతకి మించి రాదు. సిగ్నల్ తక్కువైనకొద్దీ ఫోను గొంతు పెంచుతుంది, కాలవకి ఆ గట్టు మీదున్న మనిషిని పిలవడానికి మనం అరిచినట్టు. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాట్ల దాకా వెళ్తుంది. మీటరులోని సిమ్ కూడా 4జీ అయితే దాదాపు అంతే, కానీ అది గోడ అవతల, కొన్ని సెకన్లు. ఫోనేమో పాప బుగ్గకి జానెడు దూరంలో, గంటల తరబడి. మీటరు కోసం పన్నెండడుగులు కొలిచి, ఫోనుని తలగడ పక్కన ఉంచితే చేసిందంతా వృథా కదా.

చెల్లికి ఇది చెప్పడం కొంచెం కష్టమైంది. బావగారు దూరంగా ఉన్నారు, పాపని చూసుకునేది ఆ ఫోనులోనే. "అన్నయ్యా, ఆయన రోజుకి రెండుసార్లు చూస్తారు అంతే" అంది, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసింది. కాల్ మానమనలేదు. వసారాలోకి, సిగ్నల్ నాలుగు గీతలుండే చోటికి వచ్చి మాట్లాడమన్నాను, ఫోను నాన్న పట్టుకుంటారు, పాప చెల్లి ఒళ్ళో ఉంటుంది. రాత్రి ఫోను హాల్లో గూట్లో. అలారం కావాలంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గదిలో ఉంచుకోవచ్చు. మీ ఫోను తరంగాల్ని ఒళ్ళు గరిష్ఠంగా ఎంత పీల్చుకుంటుందో చూసుకోవాలంటే *#07# నొక్కండి, చాలా ఫోన్లలో ఒక అంకె వస్తుంది, మన దేశంలో అది కిలోకి 1.6 వాట్లు దాటకూడదు. వైఫై పెట్టె కూడా ఉయ్యాల కొక్కెం దగ్గర అటక మీద ఉండేది, దాన్ని కొట్టులోకి మార్చేశాం.

మా వెనకింటి బాబాయ్ గారు ఇంకో దారి పట్టారు. ఆయన ఫ్యాన్సీ షాపు మీటరుకి, వీడియోలో చూపించినట్టే, బిర్యానీ పొట్లం కట్టే అల్యూమినియం రేకు చుట్టి టేపు వేశారు. ఆ పని మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు. రేకు పూర్తిగా కప్పేస్తే మీటరు మాట బయటికి పోదు, పోకపోతే అది ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ గట్టిగా ప్రయత్నిస్తుంది. సగం కప్పితే ఏ ఉపయోగమూ లేదు. అంతకంటే పెద్ద ప్రమాదం, రేకు అంటే లోహం, కరెంటు పాకుతుంది. మా వైపు జూలై, ఆగస్టుల్లో గోడలు చేత్తో తాకితే తడి అంటుకుంటుంది, ఆ తడిగోడ మీద, వైర్లు బిగించే టెర్మినళ్ళకి నాలుగు వేళ్ళ దూరంలో రేకు ఊగుతుంటే షాక్ కొట్టడానికి ఇంకేం కావాలి. పైగా మీటరు పనిచేయకుండా అడ్డుకున్నారంటే 2003 విద్యుత్ చట్టం ప్రకారం కేసు పెట్టొచ్చు, కరెంటు కాజేయాలని సీలు తెంపి మీటరుని తారుమారు చేస్తే 135వ సెక్షన్ కింద దొంగతనం అంటారు. బాబాయ్ గారికి మా లైన్‌మాన్ గారే నచ్చజెప్పి, స్తంభం దగ్గర సప్లై ఆపి, రేకు తీయించారు.

ఆ రోజే మా ఇంటి బోర్డు కూడా చూడమని అడిగాను. ఊరికే అడిగాను, నిజానికి మీటరుని అరుగు చివరికి మార్చడానికి ఎంత అవుతుందో కనుక్కుందామని. ఆయన స్మార్ట్ మీటరు దగ్గర చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగి, "ఇది వేడిగా ఉందేంటండీ?" అన్నారు. సప్లై ఆపి కింది మూత విప్పారు. న్యూట్రల్ వైరు టెర్మినల్ దగ్గర స్క్రూ సరిగ్గా బిగించలేదు. వైరు చివర రెండంగుళాల మేర తొడుగు నల్లగా బొగ్గై, బుడగలు వచ్చి ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా రాలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. ఆ అల్యూమినియం వైరుకి తెల్లటి పొడి పట్టింది, సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలికి మా దగ్గర ఏ లోహమైనా అలాగే అయిపోతుంది. దానికి గజం దూరంలో, వసారా దూలానికి, నాన్న కొబ్బరి డొక్కలు ఎండబెడతారు.

నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. అమ్మకి వీడియో చూసినప్పటి నుంచీ ఆ మీటరంటే భయం, అందులో నిజంగా భయపడాల్సింది ఒకటుంది, కాకపోతే అది ఎర్రలైటూ కాదు, రేడియో కూడా కాదు. వచ్చి బిగించిన కుర్రాళ్ళు రోజుకి ఇన్ని మీటర్లని లెక్క పెట్టుకుని పరుగెత్తి ఉంటారు, ఒక స్క్రూ ఇంకో రెండు చుట్లు తిప్పలేదు. వాళ్ళకి ఫోన్ చేసి చెబితే రాసుకున్నామండీ అన్నారు, మళ్ళీ ఎవరూ రాలేదు. లైన్‌మాన్ గారే కాలిన ముక్క కోసేసి, వైరు శుభ్రంగా గీకి, వైరు చివర తొడిగే కొత్త లగ్గు వేసి బిగించి, సీలు సంగతి ఆఫీసులో రాయించుకున్నారు. "ఆయ్, బిగించాక నెలకోసారి చెయ్యి దగ్గరగా పెట్టి చూసుకోండి అమ్మగారూ, తాకక్కర్లేదు, వేడి తెలిసిపోద్ది. ఫ్యాన్లు తగ్గీ పెరిగీ తిరిగినా, లైట్లు మినుకుమన్నా, వాసనొచ్చినా ఒక్క కబురు పెట్టండి" అన్నారు.

ఆయన చెప్పిన ఇంకో రెండు పనులు కూడా చేశాం. ఎర్తు గొయ్యి దగ్గర వైరు తుప్పుపట్టి తెగడానికి సిద్ధంగా ఉంది, మార్చాం. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు వేయించాం, కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకి దారి వెతుక్కుంటే అది రెప్పపాటులో ఆపేస్తుంది. ఇన్వర్టరు, బ్యాటరీ కూడా ఆ ముందుగదిలోనే మంచం కింద ఉండేవి, కరెంటు పోతే ఫ్యాను ఆగకూడదని. ఇన్వర్టరు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అది నాలుగడుగులు జరిగితే చాలు, బాగా పడిపోతుంది. అదలా ఉంచితే, చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆసిడ్ ఆవిరి వస్తుంది. చంటిపిల్ల గదిలో అది అసలు ఉండకూడని వస్తువు. వసారాకి మార్చాం.

మీటరుని అరుగు చివరికి మార్చమని కరెంటు సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను, ఎస్టిమేట్ వస్తే డబ్బు కడతాను. ప్రైవేటు ఎలక్ట్రీషియన్‌తో ఆ పని చేయించకూడదు, సీలున్న వస్తువు అది.

బారసాల రోజున ఉయ్యాల ఎదుటి గోడ పక్క దూలానికే కట్టాం. అమ్మ ఆ రాత్రి కూడా ఒకసారి వసారాలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఎర్రలైటు వైపు చూడలేదు ఈసారి, మీటరు కింద మూత దగ్గర చెయ్యి చాపి కాసేపు ఉంచింది. "చల్లగానే ఉందిరా" అంది. బుధవారం లైన్‌మాన్ గారు బాబాయ్ గారి షాపుకి వస్తానన్నారు, వాళ్ళ మీటరు మూత కూడా విప్పి చూడమన్నాను.